నోరెండబెట్టే మందు

1965లో స్కాండినేవియా దేశాల్లో ఛాతీ నొప్పికి ఓ కొత్త మాత్ర వచ్చింది. పేరు టెరోడిలిన్. నాలుగడుగులు గబగబా వేస్తే గుండె పట్టేసేవాళ్లకు దాన్ని రాసేవారు. వాడినవాళ్లలో కొందరికి మరో ఇబ్బంది మొదలైంది. ఒంటేలుకు వెళ్లి ఎంతసేపు నిలబడ్డా ధార రాదు. గుండె డాక్టరు దృష్టిలో అది దుష్ఫలితం. గంటకోసారి బాత్రూమ్‌కు పరుగెత్తే మనిషికి మాత్రం అంతకంటే కావలసిందేముంది? కొన్నాళ్లకు ఆ మాత్రే గుండె జబ్బు వదిలేసి మూత్రాశయం మందుగా మారింది. అక్కడితో కథ సుఖాంతం కాలేదు, ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

మూత్రం ఆపుకోలేకపోవడానికి వాడే మందులన్నిటి చరిత్రా దాదాపు దుష్ఫలితాల చుట్టూనే తిరుగుతుంది. ఒక మందు పెట్టిన బాధను తప్పించుకోవడానికి ఇంకో మందు పుట్టింది. అందుకే మాత్రల పెట్టెలో మడిచిపెట్టే ఆ చిన్న అక్షరాల కాగితాన్ని నేను చరిత్ర పాఠంలాగే చదువుతాను. అందులో భయపెట్టే మాటలు చాలానే ఉంటాయి గానీ, ఏదీ ఊరికే రాసింది కాదు.

ముందు జబ్బు సంగతి. మూత్రాశయం 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పట్టే కండరపు సంచి. నిండేటప్పుడు దాని గోడ వదులుగా సాగాలి, మనం వెళ్లి కూర్చున్నాకే బిగుసుకోవాలి. కొందరిలో సగం నిండకుండానే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. బయటి నుంచి వచ్చి వీధి తలుపు తాళం తీసేలోపే బట్టలు తడిసిపోతాయి. పెళ్లికి వెళ్తే ముందు బాత్రూమ్ ఎటుందో చూసుకుని ఆ పక్క కుర్చీలోనే కూర్చునేవాళ్లు, బస్సెక్కాలంటే పొద్దుటి నుంచి మంచినీళ్లు మానేసేవాళ్లు ప్రతి ఇంటి బంధువర్గంలోనూ ఉంటారు. నోరు విప్పి చెప్పేవాళ్లు తక్కువ.

ఆ కండరాన్ని బిగుసుకోమని చెప్పేదెవరు? 1921లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఆటో లోవీ కప్పల గుండెలతో చేసిన ప్రయోగం దీనికి తలుపు తీసింది. ఒక గుండె నరాన్ని రేపితే అది నెమ్మదించింది. దాన్ని తడిపిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందిస్తే, దాని నరాన్ని ఎవరూ ముట్టుకోకపోయినా అదీ నెమ్మదించింది. అంటే నరం కండరానికి కబురు పంపేది రసాయనంతో. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. మూత్రాశయాన్ని బిగుసుకోమనేదీ అదే. హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి 1936లో నోబెల్ ఇచ్చారు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, ఈ ఎసిటైల్‌కోలిన్ ఒక్క మూత్రాశయానికే నౌకరు కాదు. నోట్లో లాలాజలం ఊరించేదీ అదే, పేగులను కదిలించేదీ అదే. కంటిపాపను కుదించడం, గుండె వేగాన్ని అదుపు చేయడం, చెమట పట్టించడం, మెదడులో జ్ఞాపకానికి సాయపడటం, అన్నీ దాని పనులే. ఒకచోట దాన్ని అడ్డుకుంటే అన్నిచోట్లా అడ్డుకున్నట్టే.

ఈ అడ్డుకునే పని మన చేలగట్ల మీది ఉమ్మెత్త ఎప్పట్నుంచో చేస్తోంది. ఉమ్మెత్త గింజలు తిని ఆస్పత్రికి వచ్చిన మనిషి ఎలా ఉంటాడు? నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. ఒళ్లు కాలిపోతున్నా చెమట చుక్క ఉండదు. కంటిపాపలు పెద్దవై వెలుతురు చూడలేడు. గుండె దడదడలాడుతుంది. ఎదురుగా లేనివాళ్లతో మాట్లాడుతుంటాడు. పొత్తికడుపు తడిమితే మూత్రం నిండి గట్టిగా తగులుతుంది. ఈ లక్షణాల వెనకున్న అట్రోపిన్ అనే పదార్థాన్ని 1830ల మొదట్లో జర్మన్లు బెల్లడోనా అనే మరో మొక్క నుంచి విడదీశారు. మూత్రాశయం మాత్రల్లో మొదటి తరం వాటి దుష్ఫలితాలన్నీ ఈ ఒక్క మనిషిలో కనిపిస్తాయి. మాత్రలో అవి మోతాదు తగ్గి వస్తాయి, అంతే తేడా.

ఆ తరానికి పెద్ద ఆక్సీబ్యుటినిన్. అమెరికాలో 1975లో అనుమతి వచ్చింది. పనిచేసింది, అందులో అనుమానం లేదు. కానీ నోరు ఎంతగా ఎండేదంటే అన్నం ముద్ద గొంతు దిగేది కాదు, కట్టుడు పళ్లు నిలిచేవి కావు, లాలాజలం లేక ఉన్న పళ్లు పుచ్చిపోయేవి. దాహం వేసి మనిషి చెంబులకు చెంబులు నీళ్లు తాగితే, ఆ నీళ్లు మళ్లీ ఎక్కడికి పోతాయి? ఎందుకు వేసుకున్నామో ఆ బాధే తిరిగొచ్చేది. చాలామంది కొన్ని నెలల్లోనే మానేశారు.

నేరం పూర్తిగా ఆక్సీబ్యుటినిన్‌ది కాదని తర్వాత తెలిసింది. మాత్ర మింగాక పేగు గోడలోనూ కాలేయంలోనూ అది విరిగి మరో పదార్థంగా మారుతుంది, నోరెండబెట్టడంలో ఎక్కువ పాపం దానిది. అయితే ఆ విరగడాన్ని తగ్గిస్తే పోలా? ఇక్కడ ఇంజనీర్లు రంగంలోకి దిగారు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మాత్ర చూడ్డానికి మామూలు మాత్రే, లోపల మాత్రం చిన్న పంపు. పైపెంకుకు లేజర్‌తో పొడిచిన సూదిమొనంత రంధ్రం ఒకటి. పేగులో నీరు పెంకులోకి ఊరుతూ ఉంటే అడుగున్న పొర ఉబ్బి, మందును ఆ రంధ్రంలోంచి రోజంతా కొద్దికొద్దిగా బయటికి నెడుతుంది. దాంతో చాలావరకు మందు పెద్దపేగు దాకా వెళ్లి, అక్కడ అంతగా విరగకుండా రక్తంలో కలుస్తుంది. ఖాళీ పెంకు మాత్రం అరగదు, మర్నాడు మలంలో మాత్ర ఆకారంతోనే కనిపిస్తుంది. మందు ఒంటపట్టలేదని కంగారుపడి మరొకటి మింగొద్దని డాక్టర్లు ముందే చెప్పాల్సి వచ్చేది. 2003లో ఏకంగా చర్మానికి అంటించే ప్యాచ్ తెచ్చారు. వారానికి రెండుసార్లు మార్చాలి. నోటి బాధ బాగా తగ్గింది, బదులుగా అంటించినచోట దురద, ఎర్రటి మచ్చ. అందుకే ప్రతిసారీ చోటు మార్చి అంటించమంటారు.

ఇప్పుడు టెరోడిలిన్ దగ్గరికి వద్దాం. 1986లో అది బ్రిటన్ మార్కెట్లోకి, ఈసారి మూత్రాశయం మందుగా, దిగింది. వాడేవాళ్లలో ఎక్కువమంది వయసు మీరినవాళ్లు. కొన్నేళ్లకు డాక్టర్ల దగ్గర్నుంచి ఒకే రకం కబుర్లు రావడం మొదలైంది: కళ్లు తిరిగి పడిపోయారు, స్పృహ తప్పింది, ఈసీజీలో గుండె లయ తప్పినట్టు ఉంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ విద్యుత్తు పరంగా మళ్లీ సర్దుకోవడానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. టెరోడిలిన్ ఆ వ్యవధిని సాగదీస్తోంది. ఆ వ్యవధి సాగిన గుండెలో లయ తప్పితే కొట్టుకోవడం పోయి వణకడమే మిగలొచ్చు. వయసు, అంతకుముందే ఉన్న గుండె జబ్బు, ఒంట్లో నీరు తీసే మాత్రల వల్ల తగ్గిన పొటాషియం తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. 1991 సెప్టెంబరులో మందును వెనక్కి తీసుకున్నారు. గుండెకని పుట్టిన మాత్ర చివరికి గుండె దగ్గరే దోషిగా తేలింది.

దీన్ని పట్టించింది పెద్ద పరిశోధన కాదు. కడుపులోని పిల్లలను అవిటివాళ్లను చేసిన థాలిడోమైడ్ మాత్ర ఘోరం తర్వాత 1964లో బ్రిటన్ పెట్టుకున్న పసుపు కార్డు పద్ధతి. మందు వాడినవాళ్లలో ఏదైనా తేడా కనిపిస్తే డాక్టరు ఆ కార్డు నింపి పంపేవారు. మన దేశంలో అలాంటి ఏర్పాటు 2010లో మొదలైంది, కేంద్రం ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్. రోగులు కూడా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. ఈ నంబరు మందుల షాపు గోడ మీద పెద్దక్షరాలతో ఉండాల్సింది.

టెరోడిలిన్ తయారుచేసిన కాబీ కంపెనీ వాళ్లే, పేర్లూ యజమానులూ మారి ఫార్మాషియా అయ్యాక, దాని తప్పులు దిద్ది టోల్టెరోడిన్ తెచ్చారు. మత్తిచ్చిన పిల్లుల్లో ఒకపక్క మూత్రాశయం బిగుతునూ మరోపక్క లాలాజలాన్నీ కొలిచారు. లాలాజలాన్ని అంతగా తగ్గించకుండానే మూత్రాశయాన్ని నెమ్మదింపజేసే మందు వాళ్లకు కావాలి, అదే దొరికింది. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. గుండె వ్యవధి హెచ్చరిక దీనికీ పూర్తిగా తప్పలేదు. పుట్టుకతోనే ఆ వ్యవధి సాగి ఉన్నవాళ్లూ, గుండె లయకు మందులు వాడేవాళ్లూ డాక్టరుకు చెప్పి తీరాలి.

'అతిచురుకు మూత్రాశయం' అనే జబ్బు పేరు వాడుకలోకి వచ్చిందీ ఆ రోజుల్లోనే. 2002లో అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ నిర్వచనం ఇచ్చింది. అమెరికా టీవీల్లో ప్రకటనలు హోరెత్తాయి. దానివల్ల సిగ్గుపడి దాచుకునేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లారన్నది నిజం. రెండు కప్పుల కాఫీ తగ్గిస్తే సరిపోయేవాళ్లు కూడా మాత్రకు అలవాటుపడ్డారన్నదీ నిజమే అని నా అనుమానం.

2004లో సోలిఫెనాసిన్, డారిఫెనాసిన్, అప్పటికే జర్మనీలో చాలాకాలంగా ఉన్న ట్రోస్పియం ఒకదాని వెంట ఒకటి అమెరికా చేరాయి. నోరు కాస్త తడిగా ఉంటే మలబద్ధకం పెరిగింది, అదో లెక్క. ట్రోస్పియం ప్రత్యేకత వేరు: దాని అణువుకు విద్యుదావేశం ఉండటంతో మెదడులోకి అంత తేలిగ్గా దూరలేదు.

మెదడు గొడవ ఎందుకంటే, 2015లో సియాటిల్ పరిశోధకులు 65 ఏళ్లు దాటిన 3,434 మందిని ఏళ్ల తరబడి గమనించి ఓ సంగతి ప్రచురించారు. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులు ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడినవాళ్లలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించింది. మందే కారణమని దీంతో రుజువు కాదు, కానీ పెద్దవాళ్లకు రాసేముందు డాక్టర్లు చేయి వెనక్కి తీసుకునేలా చేసింది. పైగా ఇలాంటి మందు ఒక్కటే ఉండదు. డెబ్బై ఏళ్ల ముసలావిడను ఊహించండి. జలుబుకు షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలో క్లోర్‌ఫెనిరమిన్, కాళ్ల మంటలకు ఒక డాక్టరు రాసిన అమిట్రిప్టిలిన్, మూత్రానికి ఇంకొకరు రాసిన సోలిఫెనాసిన్. మూడూ ఉమ్మెత్త పనే చేస్తాయి. ఆవిడ రాత్రిపూట పొంతన లేకుండా మాట్లాడితే ఇంట్లోవాళ్లు వయసు మీద పడిందనుకుంటారు. ఇంకో విడ్డూరం, మతిమరుపుకిచ్చే డొనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది. దాంతో కొందరికి మూత్రం ఆగదు. అది జబ్బనుకుని ఆ రసాయనాన్నే అడ్డుకునే మాత్ర మళ్లీ రాస్తారు. చీటీలన్నీ ఒకే డాక్టరు ముందు పరిస్తే తప్ప ఇది బయటపడదు.

ఎసిటైల్‌కోలిన్ జోలికే పోకుండా మూత్రాశయాన్ని వదులు చేయలేమా అన్న ప్రశ్నకు జవాబు మరో వీధిలో దొరికింది. 1989లో పారిస్ శాస్త్రజ్ఞులు కణాల మీద రసాయనాల కబుర్లు అందుకునే బీటా-3 అనే గ్రాహకం జన్యువును పట్టుకున్నారు. ఆ గ్రాహకం కొవ్వును కరిగిస్తుందని స్థూలకాయానికీ షుగరుకూ మందులు చేయబోయి కంపెనీలు చేతులు కాల్చుకున్నాయి. అదే గ్రాహకం మూత్రాశయం గోడలో ఉండి, నిండేటప్పుడు కండరాన్ని సాగనిస్తుందని తేలింది. జపాన్‌లోని ఆస్టెల్లాస్ తెచ్చిన మిరాబెగ్రాన్‌కు అక్కడ 2011లో, అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. ఓ పెద్ద పరీక్షలో టోల్టెరోడిన్ వాడినవాళ్లలో నూటికి పదిమందికి నోరెండితే, మిరాబెగ్రాన్‌లో అది ముగ్గురికి మించలేదు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ ఇంచుమించు అంతే.

మిరాబెగ్రాన్ ఖాతాలో రక్తపోటు ఉంది. 2015లో బ్రిటన్ హెచ్చరించింది: బీపీ పైఅంకె 180కి గానీ కిందిది 110కి గానీ చేరి అదుపులో లేనివాళ్లకు ఇది ఇవ్వనే కూడదు, మిగతావాళ్లకూ మొదలుపెట్టేముందు, తర్వాత అప్పుడప్పుడు బీపీ చూడాలి. మెటోప్రొలోల్, డిగాక్సిన్ లాంటి గుండె మందులు వాడుతుంటే వాటి స్థాయి రక్తంలో పెరగొచ్చు. పెదవులో నాలుకో వాస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. మాత్రను విరిచి, నలిపి వేసుకోకూడదు.

పాత తరం మాత్రల విషయంలో మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ కాగితంలో చెమట తగ్గుతుందని ఒక్క ముక్క ఉంటుంది. మేలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండేవాళ్లకు ఆ ముక్కే వడదెబ్బ. మధ్యాహ్నం బయటికి పోయే పని ఉంటే మందు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. కంటిలోపలి కోణం మూసుకుపోయే రకం నీటికాసులు ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి నొప్పి పుడితే కంటి డాక్టరును అదే రోజు చూడాలి. షుగరు వల్ల కడుపు మెల్లగా ఖాళీ అయ్యేవాళ్లకు, ఎప్పట్నుంచో మలబద్ధకం ఉన్నవాళ్లకు బాధ ముదురుతుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లకు రాసేముందు మూత్రాశయంలో ఎంత మిగిలిపోతోందో స్కానింగ్‌లో చూస్తారు. మిరాబెగ్రాన్‌ను పాత మాత్రతో కలిపి వేసినప్పుడూ ఈ జాగ్రత్త కావాలి. మాత్ర మొదలుపెట్టాక మూత్రం బొట్లుబొట్లుగా వస్తూ, లేదా అసలు రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెడుతుంటే తెల్లారేదాకా చూడకుండా ఆ రాత్రే గొట్టం వేయగల ఆస్పత్రికి వెళ్లిపోవాలి.