‘మానవ తప్పిదం’ అన్న వార్తను ఎలా చదవాలి?

వార్తాపత్రికను చరిత్రకు ఆధారంగా వాడుకోవచ్చని గత భాగంలో చదివారు. ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం.

ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ వినోద పార్కులో ‘స్మైలర్’ అనే రోలర్ కోస్టర్ 2013లో మొదలైంది. ఎక్కినవారిని 14 సార్లు తలకిందులు చేస్తుంది. 2015 జూన్ 2న జనంతో వెళ్తున్న బండి, పట్టాల మీద ఆగిపోయిన ఖాళీ బండిని ఢీకొంది. 16 మంది గాయపడ్డారు. ఇద్దరు యువతులకు ఒక్కో కాలు తీసేయవలసి వచ్చింది.

మరునాడు స్కై న్యూస్ ఛానల్ పార్కు యాజమాన్య సంస్థ మెర్లిన్ అధిపతిని గట్టిగా నిలదీసింది. ఆ ధోరణి అన్యాయమంటూ ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు వెయ్యికి పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. ఆఫ్‌కామ్ చర్య తీసుకోలేదు. నిష్పాక్షికత గురించిన చర్చ అంతా ఈ ఇంటర్వ్యూ చుట్టూనే తిరిగింది. అసలు అన్యాయం అంత చప్పుడు లేకుండా, నవంబరులో జరిగిందని నా అభిప్రాయం.

ఆ నెలలో మెర్లిన్ తన అంతర్గత విచారణ ఫలితాన్ని ప్రకటించింది. భద్రతా వ్యవస్థ బండిని ఆపితే, సిబ్బంది దాన్ని చేత్తో తప్పించి నడిపారన్నది దాని సారాంశం. పత్రికలు దాన్ని ‘మానవ తప్పిదం’గా అచ్చువేశాయి. అందులో అబద్ధం లేదు; కంప్యూటర్ ఆపిన మాట, ఇంజనీర్లు దాటించిన మాట నిజమే. కానీ ఎందుకు దాటించారు? పట్టాల మీదికి అదనంగా మరో బండి వచ్చిన సంగతి వారికి తెలియదు. కంప్యూటరే పొరబడిందనుకున్నారు. ఆ సంగతి వారికి తెలిసేలా చేసే పద్ధతి ఏదీ అక్కడ లేదు.

2016 సెప్టెంబరులో స్టాఫర్డ్ క్రౌన్ కోర్టు మెర్లిన్‌కు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అప్పటికే సంస్థ నేరం ఒప్పుకుంది. తొలి ప్రకటనలో చెప్పినట్లు కారణం మానవ తప్పిదం కాదని, లోపం పని విధానంలోనే ఉందని, ఆ లోపాల మధ్యనే సిబ్బంది చేతనైనంత చేశారని న్యాయమూర్తి స్పష్టం చేశారు. పది నెలల పాటు పాఠకుల మనసులో నిందను మోసింది మాత్రం ఆ సిబ్బందే.

‘ప్రమాదం జరిగింది’ అన్న వాక్యంలో చేసినవారు కనబడరు. ‘సిబ్బంది తప్పిదం’ అంటే అందరికన్నా కింద ఉన్నవారే కనబడతారు. నవంబరు వార్తను, సెప్టెంబరు తీర్పును పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క వాక్యంలో కర్త ఎవరో గుర్తించండి. ఆ సమాచారం ఎవరి నోట వచ్చిందో అంచున రాసుకోండి.