పచారీ కొట్టు టీ పొడి: కొంత చరిత్ర, కొంత వైద్యం

విజయవాడ వన్ టౌన్‌లో ఏ పచారీ కొట్టు ముందు నిలబడినా చిన్న చిన్న టీ పొడి పొట్లాల దండలు వేలాడుతూ కనిపిస్తాయి. లోపల అరల మీద రెడ్ లేబుల్, త్రీ రోజెస్, చక్రా గోల్డ్, జెమిని అట్టపెట్టెలు బారులు తీరి ఉంటాయి. కృష్ణా డెల్టాలో వరి, మినుము, చెరకు, పసుపు పండుతాయి గాని తేయాకు మొక్క ఒక్కటైనా మొలవదు. అయినప్పటికీ ఉప్పు, చింతపండులతో సమానంగా ఈ పరాయి ఆకు మన నెలసరి సరుకుల చీటీలోకి చేరింది. ఎలా చేరిందో తెలుసుకుంటే, దానిని ఎలా తాగాలో కూడా తెలుస్తుంది.

అస్సాం కొండలలో సింగ్‌ఫో తెగవారు తేయాకును వాడుతున్న సంగతి 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండు వర్తకునికి తెలిసింది. 1839లో అస్సాం కంపెనీ ఏర్పడింది. అయితే ఆ ఆకు పండినది ప్రధానంగా ఇంగ్లండు వారి కోసమే. భారతీయుల చేత తాగించాలన్న ప్రయత్నం గట్టిగా మొదలైనది తరువాతి కాలంలోనే. 1903లో వచ్చిన టీ సెస్ చట్టం ప్రకారం ఎగుమతి అయ్యే తేయాకు మీద సుంకం వసూలు చేసి, ఆ సొమ్మును ప్రచారానికి వినియోగించారు. రైల్వే స్టేషన్లలో దేశభాషలలో రాసిన ఇనామెల్ పలకలు వెలిశాయి. సంతలలోను, మిల్లుల వద్దను టీ కాచి రుచి చూపించారు. అంబలి, చద్దన్నం, మజ్జిగలతో తెల్లవారే దేశానికి ఇది కొత్త అలవాటు. 1893లో కృష్ణానది మీద రైలు వంతెన పూర్తయి కూడలిగా ఎదిగిన బెజవాడ వంటి ఊళ్ళలో ఇటువంటి అలవాట్లు నిలవడం సహజం.

పొట్లం టీ కథ కూడా ఆసక్తికరమైనదే. 1869లో మాంచెస్టరులో ఆర్థర్ బ్రూక్ ఒక దుకాణం తెరిచి ‘బ్రూక్ బాండ్’ అని పేరు పెట్టాడు. బాండ్ అనే భాగస్వామి ఎవరూ లేరు; వినడానికి బాగుంటుందని చేర్చిన మాట అది. ఆ సంస్థ మన దేశంలో 1903లో రెడ్ లేబుల్‌ను ప్రవేశపెట్టింది. పేదవాని చేతికి అందేలా చిన్న పొట్లాలు కట్టి అమ్మడం అప్పటి టీ కంపెనీలు పట్టుకున్న కిటుకు. నేటి కొట్టు ముందరి దండలు ఆ పద్ధతికి వారసులే.

ప్రచారకులు నేర్పినది ఒకటి, మనం చేసినది మరొకటి. ఆకు మీద మరిగిన నీరు పోసి, కొద్ది నిమిషాలు ఉంచి వడకట్టమని వారు చెప్పారు. మన టీ కొట్లవారు తక్కువ పొడితో ఎక్కువ రంగు రావాలని పాలు, చక్కెర, పొడి కలిపి మరగకాచారు. ఈ మరగకాచడాన్ని ప్రశ్నించిన వారిలో గాంధీజీ ఒకరు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా రాసిన ఆరోగ్య గ్రంథంలో, మరగబెట్టిన టీలోకి దిగే టానిన్ హాని చేస్తుందని ఆయన హెచ్చరించారు. జల్లెడలో ఆకు వేసి, పైనుంచి వేడినీరు పోసి, లేత రంగులోనే తీసుకోవడంలో దోషం లేదన్నారు.

తరువాత యంత్రం వచ్చి అలవాటును స్థిరపరచింది. 1930 ప్రాంతంలో అస్సాంలోని అంగూరీ తోటలో విలియం మెకర్చర్ రూపొందించిన సీటీసీ యంత్రం ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుడుతుంది. ఆ గుళిక త్వరగా చిక్కని డికాక్షన్ ఇస్తుంది. కిలో పొడికి ఎక్కువ కప్పులు వస్తాయి. స్వాతంత్ర్యానంతరం ఇది దేశమంతటా వ్యాపించి టీని చవక పానీయంగా మార్చింది. ‘డస్ట్ టీ’ అంటే చెత్త అని చాలామంది పొరబడతారు. అది ఆకు రేణువు పరిమాణాన్ని తెలిపే శ్రేణి పేరు మాత్రమే.

పై నాలుగు పొడులనూ నేను ఏళ్ళ తరబడి తాగాను. నా నాలుకకు రెడ్ లేబుల్ కొంత సౌమ్యం. త్రీ రోజెస్‌లో వాసన ముందుంటుంది. చక్రా గోల్డ్ రంగు గాఢం, కొంచెం పొడి చాలు. జెమిని పాలను బాగా తట్టుకుంటుంది. పాలు, చక్కెర దండిగా పడిన తరువాత ఈ తేడాలు దాదాపు మాసిపోతాయి. అధిక ధరకు అమ్మే గ్రీన్ టీ కూడా ఇదే జాతి మొక్క ఆకు. అది మందు కాదు.

వైద్యునిగా నన్ను కలవరపెట్టినది పొడి కాదు, వేళ. రక్తహీనతతో వచ్చిన స్త్రీలను ‘పొద్దున ఏం తిన్నావమ్మా?’ అని అడిగితే, ‘టీ, రెండు బిస్కెట్లండీ’ అన్న జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బరువులు మోసే హమాలీలు కూడా ఆకలిని టీతోనే అణచుకుంటారు. 1920లలో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ కొన్ని ఎలుకలకు తెల్ల రొట్టె, మార్గరిన్, తీపి టీ, డబ్బా మాంసం వంటి ఇంగ్లండు పేదల తిండి పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న ఎలుకలు పుష్టిగా పెరగగా, ఇవి గిడసబారి జబ్బుపడ్డాయి. లోపం టీ ఒక్కదానిదే కాదు; అసలైన ఆహారం ఉండవలసిన చోటును అటువంటి తిండి ఆక్రమించడంలో ఉంది. తేయాకు కొండలలో ఆయన ప్రారంభించిన పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది.

టీలోని టానిన్లు ఆకుకూరలు, పప్పులు, ధాన్యాలలోని ఇనుమును పట్టుకొని రక్తంలోకి చేరనివ్వవు. భోజనంతో పాటు టీ తాగితే ఆ ఇనుము గ్రహింపు సగానికి పైగా తగ్గవచ్చు. గంట ఆగితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పోషకాహార లోపం మొదలుకొని దీనికి కారణాలు పలు విధాలు. వాటిలో ఖర్చు లేకుండా సరిదిద్దుకోగలిగినది టీ వేళ.

కనుక నా సలహాలు ఇవి. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ వద్దు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. ఇనుము మాత్రను టీతో మింగరాదు. రెండు చెంచాల చక్కెర వేసే నాలుగు కప్పులకు సుమారు 40 గ్రాముల చక్కెర అవుతుందని గుర్తుంచుకోవాలి. పొగలు కక్కే టీని కాస్త చల్లారనివ్వాలి; 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. విడిగా కొన్న పొడిని తడిపిన వడపోత కాగితం మీద చల్లి చూడాలి. వెంటనే రంగు చారలు పాకితే రంగు కలిపినట్లు అనుమానించి, ఆహార భద్రతా అధికారికి తెలపాలి.

ఏ పొట్లం కొనాలో మీ నాలుక నిర్ణయించుకోవచ్చు. ఇంట్లో ఆడపిల్ల ఉదయాన టీతో సరిపెట్టుకోకుండా, ముందుగా కడుపునిండా తిన్నదో లేదో మాత్రం తప్పక కనుక్కోండి.