ముక్కులో గడ్డ ఎక్కడ పుట్టింది?

అరకు అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి బొర్రా గుహలు, కాఫీ తోటలు, బొంగు చికెన్. ఆ కొండల్లో చాలా గిరిజన కుటుంబాలకి మేకలూ గొర్రెలే బ్యాంకు ఖాతా అన్న సంగతి మనకి పెద్దగా పట్టదు. రోగమొచ్చినా, పెళ్ళొచ్చినా, ఓ జీవాన్ని సంతకి తోలుకెళ్ళి అమ్ముకోవాలి. అలాంటి జీవం ఒకటి గురకపెడుతూ, ముక్కు కారుతూ, మేత మానేసి చిక్కిపోతోందనుకోండి. "ముక్కులో ఏదో గడ్డ" అంటారు చూసినవాళ్ళు. సరే, ఇంతకీ ఆ గడ్డ దేన్నుంచి పుట్టింది? ఈ చిన్న ప్రశ్న వెనక తొంభై ఏళ్ళకి పైగా చరిత్ర ఉంది.

ఈ కథ మొదలైంది గొర్రెల్లో కాదు, ఆవులూ ఎద్దుల్లో. 1930ల్లో విశాఖ ఏజెన్సీతో సహా మన కోస్తా, రాయలసీమ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడి పశువుల్లో 'గురక జబ్బు' ఒకటి ఉండేది. ముక్కు లోపల కాలీఫ్లవర్ లాంటి పెరుగుదల, ఊపిరి తీస్తే గుర్రుగుర్రుమని చప్పుడు. చూస్తే అచ్చం కణితే. మద్రాసు వెటర్నరీ కాలేజీకి చెందిన ఎం. అనంతనారాయణరావు గారు దాని వెనక ఉన్న పురుగుని 1933లో వర్ణించారు. పేరు షిస్టోసోమా నేసేల్. ఊరికే చూసి చెప్పడం కాదు, ఆరోగ్యంగా ఉన్న దూడలకి ఆ పురుగు పిల్లల్ని ఎక్కించి జబ్బు తెప్పించి మరీ చూపించారు.

అసలు జరిగేది ఏంటంటే, ఈ పురుగు ముక్కులోని రక్తనాళాల్లో కాపురం పెడుతుంది. దాని గుడ్లు బూమరాంగ్ ఆకారంలో ఉంటాయి. అవి ముక్కు పొరలో ఇరుక్కుంటే, శరీరం తెల్లకణాల్ని పంపి వాటి చుట్టూ గోడ కడుతుంది. మనకి కనిపించే గడ్డ ఆ గోడే. అంటే అది కణితి కాదు, శరీరం చేసే యుద్ధం. చెరువుల్లో, వరిమళ్ళలో బతికే ఒక నత్త ఈ పురుగుకి మధ్యలో ఆశ్రయమిస్తుందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి జబ్బు మూలం ముక్కులో కాదు, పశువు దిగిన నీళ్ళలో ఉంది!

గొర్రెలకి కూడా ఈ పురుగు సోకుతుంది కానీ, ఆవుల్లోలాగా పెద్ద గడ్డలు కట్టడం తక్కువ. గొర్రె గురకపెడితే ముందు అనుమానించాల్సింది ఒక రకం ఈగని. అది ఎగురుతూనే గొర్రె ముక్కు రంధ్రాల దగ్గర తన పిల్లపురుగుల్ని వదిలేసి పోతుంది. అవి లోపలికి పాకి పెరుగుతాయి. చీమిడి, తుమ్ములు, గురక, అన్నీ ఉంటాయి. గడ్డ మాత్రం ఉండదు.

ఇక మూడోది, అసలైన కణితి. ముక్కు బాగా లోపల, పుర్రెకి ఆనుకుని చుట్టలు చుట్టలుగా ఉండే పల్చటి ఎముకలుంటాయి. వాటి మీది పొరలో చీమిడిని తయారుచేసే గ్రంథులుంటాయి. కణితి పుట్టేది సాధారణంగా అక్కడే. మైక్రోస్కోపులో చూస్తే కణాలు గ్రంథుల్లాగే అమరి ఉంటాయి, కొన్నిట్లో స్రావపు రేణువులు కూడా కనిపిస్తాయి. కణితి ముక్కులోనే పెరుగుతుంది, సాధారణంగా వేరే అవయవాలకి పాకదు. కానీ ఒక గొర్రె నించి ఇంకో గొర్రెకి అంటుకుంటుంది! క్యాన్సర్ అంటుకోవడమేంటి? కారణం ఒక రెట్రోవైరస్. దాని జన్యుపటం 1999లో బయటికొచ్చింది. 2003 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల కణితి వల్ల చంపేయాల్సి వచ్చిన క్లోనింగ్ గొర్రె డాలీ గుర్తుందా? దాని కణితికి కారణమైన వైరస్ దీనికి అన్నదమ్ముల వరస.

ఇక్కడో తమాషా. ఈ వైరస్‌కి దగ్గర చుట్టాలు ఎప్పుడో లక్షల ఏళ్ళ కిందటే గొర్రె జన్యువుల్లో చేరిపోయాయి. పాతిక పైచిలుకు కాపీలున్నాయి. వాటిలో కొన్ని గర్భంలో మాయ పెరగడానికి కావాలి కూడా. అందుకేనేమో, కొత్త వైరస్ వస్తే గొర్రె శరీరం "మనవాడే" అనుకుని ఊరుకుంటుంది. యాంటీబాడీలు దాదాపు తయారవ్వవు, కాబట్టి రక్తపరీక్షతో పట్టుకోవడం కష్టం. టీకా లేదు, మందూ లేదు.

నాబోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన తలనొప్పే. తెరమీద ఎర్రర్ మెసేజ్ ఒకటే, వెనకున్న బగ్గులు మూడు. కాకపోతే ఇక్కడ తప్పు ప్యాచ్ వేస్తే పోయేది ఒక కుటుంబం బతుకు. నీళ్ళలోంచి వచ్చిన పురుగైతే మందుంది, పశువుని ఆ నీళ్ళకి దూరంగా ఉంచాలి. ఈగ పిల్లలైతే మందు పట్టిస్తే పోతాయి. వైరస్ కణితి అయితే మాత్రం ఆ గొర్రెని మందలోంచి తీసేయాలి. అది తెలియని మనిషి ఏం చేస్తాడు? బతికుండగానే నాలుగు డబ్బులొస్తాయని సంతకి తోలతాడు. అతని తప్పేం లేదు, ఎవరైనా అదే చేస్తారు. జబ్బు మాత్రం ఇంకో ఊరి మందలోకి నడిచి వెళ్తుంది.

గురక విని ఈ మూడిట్లో ఏదో చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే. చీమిడిని మైక్రోస్కోపు కింద పెడితే పురుగు గుడ్లు కనిపించొచ్చు. కణితి సంగతి తేలాలంటే చిన్న ముక్క కోసి, ఫార్మలిన్ సీసాలో వేసి, లేబొరేటరీకి పంపాలి. 2022 ఏప్రిల్‌లో అరకు కొత్తగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. కొండమీద ఊళ్ళనించి ఆ సీసా కిందికి దిగే దారి ఒకటి ఏర్పడితే, అక్కడి జీవాలకి అంతకంటే పెద్ద సాయం ఇంకోటి ఉండదనిపిస్తుంది నాకు.