కుష్ఠం వేరు, లాహౌల్ పొలం

మన మూలికల దుకాణాల్లో చంగల్వ కోష్టు పేరుతో అమ్మే ఎండువేరు ఈ నేలది కాదు. కాశ్మీరులోనూ, చీనాబు నది ఎగువ లోయల్లోనూ దాదాపు 2,500 నుంచి 4,000 మీటర్ల ఎత్తున పెరిగి, ముదురు ఊదా పూలు పూసే బహువార్షిక మొక్క వేరది. సంస్కృతంలో కుష్ఠం, కొండవాళ్లకు కుఠ్. జ్వరాన్ని తరిమే మందుగా అథర్వవేదం దీన్ని కొనియాడింది, పుట్టిల్లు హిమవంతమనీ చెప్పింది. క్రీ.శ. 1వ శతాబ్దపు పెరిప్లస్ అనే సముద్ర వర్తక గ్రంథం సింధు ముఖద్వారంలోని బార్బరికం రేవు ఎగుమతుల్లో దీన్ని చేర్చింది. అయితే దేశాలు దాటింది వేరు మాత్రమే, మొక్క కాదు. అందుకే వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్, ఈ వేరుకు పడమటి దేశాల్లో ఉన్న కోస్టస్ అన్న పేరును అల్లానికి చుట్టమైన మరో మొక్కకు కట్టబెట్టాడు. 1830ల చివర్లో కాశ్మీరు వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు హ్యూ ఫాల్కనర్ అసలు మొక్కను గుర్తించేదాకా ఐరోపాకు ఆ సంగతి తేలలేదు. కొన్నవాడికి మొక్కే తెలియని సరుకు మీద అతనికి బాధ్యత ఎక్కడినుంచి వస్తుంది? మరి ఈ మొక్కను కాపాడిందెవరు? రాజ్యమూ చట్టమూ అని చాలామంది చెబుతారు. నా లెక్కలో ఆ గౌరవం ముందుగా చీనాబు ఎగువనున్న లాహౌల్ లోయ రైతుకు దక్కాలి.

వేరు తవ్వితే మొక్క చస్తుంది. విత్తనం రాలకముందే తవ్వితే మరుసటి తరమూ ఉండదు. చైనాలో ధూపానికి, ఇక్కడ శాలువలకు చిమ్మెటలు పట్టకుండా మూటల్లో పెట్టడానికి గిరాకీ ఉండటంతో కాశ్మీరు సంస్థానం ఈ వ్యాపారాన్ని తన గుత్తసొత్తు చేసుకుంది, 1921లో దీనికోసమే కుఠ్ చట్టం తెచ్చింది. ఆ కట్టుబాటు వల్లే అడవిలో ఈ మాత్రమైనా మిగిలిందని వాదించేవారున్నారు. ఇష్టారాజ్యపు తవ్వకానికి అది కొంత అడ్డుకట్ట వేసి ఉండవచ్చు, కాదనను. కానీ ఖజానాకు రాబడి తవ్విన వేరు మీదే, కొండమీద నిలిచిన మొక్క మీద దమ్మిడీ రాదు. గుత్తాధిపత్యం కాపాడింది ముందు ధరను, తర్వాతే మొక్కను.

1920లలో లాహౌల్ వాసులు దీన్ని పొలాల్లోకి తెచ్చారు. విత్తనం దాచి, మళ్లీ నాటి, ఏళ్ల తరబడి ఎదురుచూసి వేరు తవ్వడం అన్నది అడవిలో తవ్వుకుపోయే అలవాటుకు భిన్నమైన పద్ధతి. లాభం కోసమే కదా అంటారు. అవును, లాభం కోసమే. చైనా గిరాకీ పడిపోయాక చాలామంది విత్తన బంగాళాదుంపకు మారారు కూడా. అయినా పూర్తిగా వదలలేదు, సాగు నేటికీ ఉంది. పొలంలో మొక్క అడవి మొక్కకు సాటిరాదన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. అడవిలోని వైవిధ్యం మడిలోకి రాదు, పైగా దొంగతవ్వకపు వేరును సాగు సరుకుగా చలామణీ చేయవచ్చు. ఆ భయం నిరాధారం కాదు. అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం సైటిస్ దీన్ని 1975లో రెండో జాబితాలో చేర్చి, 1985లో మరింత కఠినమైన మొదటి జాబితాకు మార్చింది. ఇంత కట్టడి తర్వాత కూడా అడవి కుష్ఠం అంతరించే అంచునే ఉంది. కాబట్టి సాగుదారుణ్ణి అనుమానితుడిగా చూసే చట్టం కంటే, అతని సరుకును సులువుగా ధ్రువీకరించి మంచి ధర ఇప్పించే ఏర్పాటే ఆ కొండలకు మేలు. మన ఆయుర్వేద మందుల తయారీదారులూ, చంగల్వ కోష్టు కొనే మనమూ అది సాగు సరుకేనా అని దుకాణదారుణ్ణి అడగాలి.