తలకోన, కుంతల, వంజంగి : స్వల్ప దూరపు కాలినడక మార్గాలు

(నేపథ్య వ్యాసం)

తెలుగు రాష్ట్రాలలో ఒక పూటలో నడిచి తిరిగి రాదగిన జలపాతాలు, కొండ శిఖరాలు అనేకం కలవు. వీటిలో అధిక సంఖ్యలో సందర్శకులను ఆకర్షిస్తున్న మూడింటి వివరాలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరచడమైనది. మూడు చోట్లా నడక స్వల్పమే. జలపాతాల వద్ద ప్రాణనష్టం ఎక్కువగా నడక ముగిసిన తరువాత, నీటి అంచున సంభవిస్తున్నది.

శేషాచల పర్వతశ్రేణిలో, శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలో గల తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు (82 మీటర్లు). ఆంధ్రప్రదేశ్‌లో ఇదే అత్యంత ఎత్తైన జలపాతంగా పరిగణింపబడుచున్నది. సిద్ధేశ్వరస్వామి ఆలయం దాటిన పిమ్మట కాలిబాట దట్టమైన చెట్ల నీడలో సాగుతుంది. చెట్టు నుండి చెట్టుకు అల్లుకొనిపోయిన భారీ గిల్లతీగ ఇక్కడి విశేషం. జలపాతం కొరకు తొందరపడేవారు దీనిని గమనించకనే వెనుదిరగడం కద్దు. ఎర్రచందనం సహజసిద్ధంగా పెరిగే ఈ కొండలు 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించబడినవి. జాతీయ పార్కు అయినందున, అనుమతించిన బాట వీడి అడవిలోనికి పోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972ను ఉల్లంఘించడమే అవుతుంది.

తెలంగాణలోని కుంతల జలపాతం గోదావరి ఉపనది అయిన కడెం నదిపై, ఆదిలాబాద్ జిల్లా నేరడిగొండ మండలంలో ఉన్నది. ఎత్తు సుమారు 45 మీటర్లు. శకుంతల పేరు మీదుగా కుంతల అయినదని స్థల పురాణం. తలకోన వలె ఇక్కడ ఎక్కి చేరుకోవడం కాక, సుమారు 400 మెట్లు దిగవలసి ఉంటుంది. దిగుట సులభం కనుక వృద్ధులు సైతం ఉత్సాహంగా దిగుతారు. తిరుగు ప్రయాణంలోనే అలసట తెలియవచ్చును.

ఈ రెండింటికీ ఒకే "సీజను" రాయడం తరచుగా కనిపించే పొరపాటు. కుంతలకు నైరుతి రుతుపవనాల వల్ల జూలై నుండి సెప్టెంబరు వరకు నిండుదనం వస్తుంది. తలకోన ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలు ముఖ్యం గనుక అక్టోబరు నుండి డిసెంబరు వరకు ప్రవాహం అధికం. అందము, అపాయము ఆ నెలలలోనే కలిసి వస్తాయి. ఎగువన కురిసిన వాన దిగువన ఎండ కాస్తున్న వేళ కూడా ప్రవాహాన్ని అకస్మాత్తుగా పెంచగలదు. నీరు ఉన్నట్టుండి బురద రంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొని వస్తున్నా వెంటనే గట్టుకు చేరవలెను. దిగువ మడుగులలో లోతు ఒక్కసారిగా మారుతుంది. నీటి అడుగున బండలు కనిపించవు. రెండు చోట్లా సందర్శకులు మడుగులలో మరణించిన ఘటనలు నమోదై ఉన్నవి. ఈత వచ్చినవారికి సైతం ఇక్కడ దూకడం శ్రేయస్కరం కాదు.

పాడేరు సమీపంలోని వంజంగి కొండ విషయం వేరు. శీతాకాలపు తెల్లవారుజామున లోయలను కప్పివేసే మేఘాలను పై నుండి తిలకించుటకు సందర్శకులు చీకటిలోనే కొండ ఎక్కుతారు. కనుక టార్చిలైటు, జారని పాదరక్షలు, చలి దుస్తులు అవసరం. ఇది షెడ్యూల్డు ప్రాంతం. కొండ పాదాన ఉన్నవి గిరిజన గ్రామాలు. ప్లాస్టిక్ సీసాలు, ఆహార పొట్లాలు కొండపై వదలివేస్తే ఆ భారం వారి పైనే పడుతుంది.

చిరునామాల విషయంలో జాగ్రత్త వహించవలెను. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తలకోన చిత్తూరు నుండి తిరుపతి జిల్లాకు, వంజంగి విశాఖపట్నం నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారినవి. నిర్మల్ జిల్లాలో కుంతల పేరుతో ఒక మండలం కలదు. జలపాతం అక్కడ లేదు. అత్యవసర సమాచారం అందించేటప్పుడు ఈ తేడా వల్ల విలువైన సమయం వృథా కాగలదు. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోను చేయవచ్చును.