నంబరు ప్లేటు మీది స్వేచ్ఛ

మేముండేది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం. పైన ఆనుకునే ఉంటుంది న్యూ హాంప్‌షైర్. అక్కడ అమ్మకం పన్ను లేదని మనవాళ్లంతా టీవీలకూ ఫోన్లకూ నాషువా ఊరికి పరిగెత్తుతారు. ఆ గ్రానైటు కొండలు చూస్తే నాకు మా ఊరి వైపు ఉదయగిరి దుర్గం మీదికే మనసు పోతుంది. న్యూ హాంప్‌షైర్‌లోనే ఉండే స్నేహితుడొకడు ఓసారి చెప్పాడు, వాళ్ల రాష్ట్రంలో కారుకు ఇన్సూరెన్సు లేకపోయినా నేరం కాదని. ఏందబ్బా ఈ చోద్యం అనుకున్నా. నిజమే. వర్జీనియాలో 500 డాలర్లు కట్టి ఇన్సూరెన్సు లేకుండా తిరిగే వీలుండేది, 2024లో దాన్నీ ఎత్తేశారు. ఇప్పుడు మిగిలింది న్యూ హాంప్‌షైర్ ఒక్కటే.

ఇన్సూరెన్సు లేని బండి మనకు కొత్తేం కాదు. మా వైపు ఆత్మకూరులో చెకింగు ఉందంటే ఎదురొచ్చేవాడు లైటు కొట్టి చెప్తాడు, మనం సందులోకి తిప్పేస్తాం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు లేకుండా దొరికితే 2,000 రూపాయలు, రెండోసారైతే 4,000, మూడు నెలల జైలు కూడా పడొచ్చు. అందుకే ఆ చాటుమాటు. న్యూ హాంప్‌షైర్ వాళ్లకి ఆ అవస్థ లేదు.

మా మసాచుసెట్స్ పూర్తిగా ఎదురు. దేశంలో అందరికంటే ముందు, 1927లోనే, ఇన్సూరెన్సు లేనిదే కారు రోడ్డెక్కకూడదంది. బ్రిటన్‌లో ఆ చట్టం 1930లో వచ్చింది. మన దగ్గర 1939 చట్టంలో రాసుకున్నా అమలయ్యేసరికి 1946. ఇక్కడ నేను కారు కొన్నప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం మీద ఇన్సూరెన్సు ఏజెంటు స్టాంపు గుద్ది సంతకం పెడితేగానీ ప్లేటు చేతికి రాలేదు. లేకుండా తిరిగితే జరిమానా పడుతుంది.

తమాషా ఏమంటే, నిర్బంధం వద్దని ఆ రోజుల్లో గోల చేసింది ఇన్సూరెన్సు కంపెనీలే. అందరూ కొనాలంటే రేటు సర్కారు చేతిలోకి పోతుంది, ఎట్లాంటి డ్రైవర్నైనా కాదనడానికి ఉండదని వాళ్ల భయం. వాళ్లకు నచ్చింది కనెక్టికట్ 1925లో తెచ్చిన పద్ధతి: ముందు గుద్దు, ఆ తర్వాత వచ్చి నష్టం కట్టే స్తోమతుందని చూపించు. మొదట దెబ్బతిన్నవాడి గతేంటో ఎవరూ అడగలేదు. న్యూ హాంప్‌షైర్ దాదాపు ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తోంది.

వాళ్ల ప్లేట్ల మీద ‘స్వేచ్ఛగా బతుకు, లేదంటే చావు’ అని ఉంటుంది. జాన్ స్టార్క్ అనే సేనాని 1809లో, జబ్బుతో ఓ విందుకు పోలేక రాసి పంపిన మాట. జార్జి మేనార్డ్ అనే ఆయన, యెహోవా సాక్షుల శాఖకు చెందినవాడు, తన మతానికి అది పడదని టేపుతో కప్పేశాడు. జరిమానా కట్టనంటే పదిహేను రోజులు జైల్లో పెట్టారు. చివరికి 1977లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇన్సూరెన్సు లేకపోయినా పర్లేదు, స్వేచ్ఛ అన్న మాటను కప్పినందుకు మాత్రం జైలు! ఇంకా విడ్డూరం, ఆ ప్లేట్లు తయారుచేసేది కాంకర్డ్ జైల్లోని ఖైదీలు.

నాకైతే ఆ రోడ్ల మీద భయమే. అయినా లెక్కలు తీస్తే ఇన్సూరెన్సు తప్పనిసరి అయిన మిసిసిపీలోనే అది లేనివాళ్లు ఎక్కువట, న్యూ హాంప్‌షైర్‌లో తక్కువ. ఇన్సూరెన్సు లేకుంటే కారుకు అప్పిచ్చిన బ్యాంకు ఎట్లాగూ ఊరుకోదు కదా.

ఫోన్‌లో ఈ కథంతా చెప్తే మా బావ, “అయితే ఉదయగిరిని కూడా ఆ రాష్ట్రంలో కలిపెయ్యమనబ్బా” అన్నాడు.