నాయకత్వ శైలులు, నమ్మకం: ఒక చరిత్ర

పై అధికారి పని చేయించుకునే తీరునే నాయకత్వ శైలి అంటారు. అధికారి తన కింది వారిని ఎంత నమ్ముతాడు, వారు అతణ్ణి ఎంత నమ్ముతారు అన్న రెండు ప్రశ్నల దగ్గర ఒక శైలికీ మరో శైలికీ తేడా తెలుస్తుంది. వీటిలో మొదటి ప్రశ్న పాతది. రెండోది గట్టిగా వినిపించడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది.

అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో ప్రచురించిన ‘శాస్త్రీయ నిర్వహణ సూత్రాలు’ అపనమ్మకం మీద కట్టిన పద్ధతి. కార్మికులు కావాలనే నెమ్మదిగా పనిచేస్తారని ఆయన అభిప్రాయం. అందుకని స్టాప్‌వాచ్‌తో ప్రతి కదలికనూ కొలిచి, ఆలోచించే పని మేనేజర్లకూ చేసే పని కార్మికులకూ పంచారు. బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో ఒక కూలీ రోజుకు మోసే దుక్క ఇనుము పన్నెండున్నర టన్నుల నుంచి 47 టన్నులకు, కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగాయని ఆయన రాశారు. అదే ఏడాది ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పనివారు ఆ గడియారానికి ఒప్పుకోక పని ఆపేశారు. వ్యవహారం అమెరికా కాంగ్రెస్ విచారణ దాకా వెళ్లింది.

శైలులకు పేర్లు పెట్టి పోల్చి చూసినవారు కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్. 1939లో వెలువడిన వారి అయోవా ప్రయోగాల్లో పాల్గొన్నది కార్మికులు కాదు, పదేళ్ల వయసు మగపిల్లలు. సాయంత్రం క్లబ్బులో ముసుగు బొమ్మలు చేయడం వంటివి వారి పని. ఒక పెద్దాయన ఆజ్ఞాపించేవాడు, ఇంకొకరు పిల్లలతో కలిసి నిర్ణయించేవారు, మరొకరు పట్టించుకోకుండా వదిలేసేవారు. అసలు తేడా పెద్దవారు గది దాటి వెళ్లినప్పుడు బయటపడింది. ఆజ్ఞలతో నడిచిన గుంపు పని పక్కన పెట్టేసింది. కలిసి నిర్ణయించుకున్న గుంపు చాలావరకు అలాగే కొనసాగింది. ఈ రంగంలో ఇంత సులువుగా అర్థమయ్యే ప్రయోగం మరొకటి దొరకడం కష్టం.

మనిషికి సహజంగా పని ఇష్టముండదన్న భావనకు ‘ఎక్స్’ అనీ, బాధ్యత అప్పగిస్తే తీసుకుంటాడన్న భావనకు ‘వై’ అనీ డగ్లస్ మెక్‌గ్రెగర్ 1960లో పేర్లు పెట్టారు. రెన్సిస్ లైకర్ట్ ఇంకో అడుగు వేసి, నిర్వహణను నాలుగు వ్యవస్థలుగా విడదీశారు. దోపిడీ పెత్తనం, దయగల పెత్తనం, సంప్రదింపు, భాగస్వామ్యం అన్నవి ఆ నాలుగు. కింది వారిపై అధికారికి ఉన్న నమ్మకం మొదటిదానిలో లేనట్టే; నాలుగోదానిలో అది సంపూర్ణం.

భారతదేశంలో ఈ లెక్క సూటిగా సరిపోలేదు. పట్నాకు చెందిన మనస్తత్వవేత్త జె.బి.పి. సిన్హా 1980లో ‘పోషక–కార్య నాయకుడు’ అన్న నమూనాను వివరించారు. ఇక్కడి ఉద్యోగి పై అధికారిలో పెద్దదిక్కును వెతుక్కుంటాడు; ఆ ఆప్యాయత దొరకాలి, అయితే పని చేసినవాడికే దొరకాలి. ఉద్యోగి తన కాళ్ల మీద నిలబడ్డాక నాయకుడు క్రమంగా భాగస్వామ్య శైలికి మారాలని ఆయన సూచన. పాశ్చాత్య పాఠాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోకుండా మన కార్యాలయాల స్వభావం నుంచి ఎదిగిన ఆలోచన ఇది.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జరిగిన మార్పు మరింత కళ్లకు కట్టేది. గైర్హాజరుకు పేరుపడిన అక్కడి కార్ల కర్మాగారాన్ని జనరల్ మోటార్స్ 1982లో మూసేసింది. 1984లో టయోటాతో కలిసి ‘నుమ్మి’ పేరిట తిరిగి తెరిచినప్పుడు, చేరినవారిలో అత్యధికులు పాత కార్మికులే, సంఘమూ పాతదే. ఒకప్పుడు ఏం జరిగినా ఆపకూడదన్న అసెంబ్లీ లైను పక్కన ఇప్పుడు ఒక తాడు వేలాడింది. లోపం కనబడితే ఏ కార్మికుడైనా దాన్ని లాగవచ్చు. లాగగానే బృంద నాయకుడు పరుగున వచ్చేవాడు, కేకలేయడానికి కాదు, సాయం చేయడానికి. లోపం సరికాకపోతే లైను ఆగేది. గైర్హాజరు బాగా పడిపోయింది, నాణ్యత పెరిగింది.

కార్మికుడి వైపు నుంచి చూసే ప్రశ్నకు సిద్ధాంత రూపం 1995లో వచ్చింది. నాయకుడు నమ్మదగినవాడా కాదా అన్నది అతని సామర్థ్యం, మేలు కోరే గుణం, నిజాయితీ అన్న మూడింటిపై ఆధారపడుతుందని రోజర్ మేయర్, జేమ్స్ డేవిస్, డేవిడ్ షూర్‌మన్ వివరించారు. 2002లో కర్ట్ డర్క్స్, డొనాల్డ్ ఫెరిన్ అంతకుముందు నాలుగు దశాబ్దాల అధ్యయనాలను కలిపి పరిశీలించారు. ఉద్యోగులను ఒక లక్ష్యం వైపు ఉత్తేజపరిచే పరివర్తన నాయకత్వానికీ నాయకుడిపై నమ్మకానికీ బలమైన సంబంధం తేలింది. ఆ నమ్మకం ఉద్యోగ సంతృప్తితో, సంస్థపై నిబద్ధతతో గట్టిగా ముడిపడి ఉంది. పని ఫలితంతో మాత్రం ఆ ముడి అంత గట్టిది కాదు.

2020లో కరోనా వల్ల హైదరాబాద్ నుంచి అమెరికా దాకా ఐటీ ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేయాల్సి వచ్చినప్పుడు కింది వారిని ఎంత నమ్మాలన్న టేలర్ కాలపు ప్రశ్న మళ్లీ లేచింది. కొన్ని సంస్థలు పూర్తయిన పనినే చూశాయి. మరికొన్ని కీబోర్డు నొక్కులను లెక్కించే, తెరను ఫొటో తీసే సాఫ్ట్‌వేర్‌ను ఉద్యోగుల కంప్యూటర్లలో పెట్టాయి.